ఒక్క ‘కట్’కు ఎన్ని కత్తులో

తెనాలి, బాపట్ల, రేపల్లె. నా ఇంగ్లీషు పంతులు ఉద్యోగమంతా ఈ మూడూళ్ళ మధ్యే గడిచింది. రిటైరైనా గుమ్మం తొక్కే పిల్లలు ఆగలేదు. బ్యాంకు పరీక్షలవాళ్ళు కొందరు, పైచదువులకు విదేశం పోయేవాళ్ళు కొందరు, అనువాదాలు చేస్తామని వచ్చే కుర్రాళ్ళు కొందరు. అడిగేది మాత్రం ఒకటే: “మాస్టారూ, ఈ క్రియకి ఇంకో మాట చెప్పండి.” ఇంకో మాట చెప్పడం నిమిషం పని. అది ఎక్కడ ఇముడుతుందో, ఎక్కడ పంటికింద రాయవుతుందో చెప్పాలంటే పూట పడుతుంది. అందుకని ‘కట్’ ఒక్కదాన్నే పట్టుకుని చెబుతుంటాను. కోత తెలియని ఇల్లు మా డెల్టాలో లేదు గదా. అలా చెప్పినవాటిలో కొన్ని ఇవి.

1. జాబితాలో పక్కపక్కన కూర్చున్నంత మాత్రాన చుట్టాలు కారు

రోజె గారి ఇంగ్లీషు పర్యాయపదాల పుస్తకం ‘థెసారస్’ అచ్చయింది 1852లో. బ్రౌన్ దొర తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు మద్రాసులో అచ్చయిందీ ఆ ఏడే. బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పని మొదలైందీ ఆ ఏడే. ఈ మూడింటికీ ఒకదానితో ఒకదానికి సంబంధమేమీ లేదు. మూడింటి మీదా బతికినవాణ్ణి కాబట్టి నాకు సంవత్సరం గుర్తుండిపోయింది, అంతే.

రోజె పుస్తకం గొప్పదే. కానీ అది మాటల్ని భావాల వారీగా గుంపులు కట్టి వదిలేస్తుంది, అర్థం చెప్పదు. మాట తెలిసి నాలిక చివర ఆగిపోయినవాడి కోసం రాసిన పుస్తకమది. మాటే తెలియనివాడి చేతికిస్తే చిక్కు. కట్ దగ్గర చాప్, స్లైస్, కార్వ్, హ్యూ, సెవర్, ట్రిమ్, క్లిప్ అన్నీ వరసగా కనబడతాయి. ఒకే మాట రెండుసార్లు రాస్తే మార్కులు పోతాయని ఎవరో చెప్పి ఉంటారు. పిల్లవాడు వ్యాసంలో డాక్టరు చేత రోగి కాలును ‘హ్యూ’ చేయిస్తాడు. హ్యూ గొడ్డలి మాట. మానుకూ రాతికీ చెల్లుతుంది గాని ఆసుపత్రిలో చెల్లదు. ఆ వాక్యం చదివితే రోగి బతికినట్టు అనిపించదు.

2. కత్తి కదులుతుందా, కాయ కదులుతుందా?

వంటింటికి రండి. మన కత్తిపీటలో కత్తి పీటకు బిగించి ఉంటుంది, కదలదు. కాయే దాని దగ్గరికి వెళుతుంది. ఇంగ్లీషు వంట మాటలు మాత్రం కాయ బల్ల మీద ఉంటుందనీ, కత్తి పైనుంచి దిగుతుందనీ అనుకుని పుట్టినవి. చాప్ అనే మాటలో ఆ దిగిన చప్పుడు కూడా ఉంది. మన తరగడంలో చప్పుడు లేదు.

ఇంకో తేడా దీనికంటే పెద్దది. ఇంగ్లీషు తెగిన ముక్క వంక చూస్తుంది. పల్చటి బిళ్ళలైతే స్లైస్, చిన్న చదరాలైతే డైస్, మరీ సన్నమైతే మిన్స్. తెలుగు ఎక్కువగా చేతి వంక చూస్తుంది. గోంగూర తుంచుతాం. చిక్కుడుకాయ ఈనె తీసి విరుస్తాం. కరివేపాకు దూస్తాం. తమలపాకు తొడిమ గిల్లుతాం. వీటిలో దేనికీ కత్తి అక్కర్లేదు. వీటన్నిటికీ కట్ అని రాస్తే లేని చాకును వంటింట్లోకి తెచ్చినట్టే. తుంచడానికి పిక్ సరిపోతుంది, విరవడానికి స్నాప్, దూయడానికి స్ట్రిప్. గుత్తివంకాయకు గాట్లు పెడతాం, అది స్లిట్. గాటు పెట్టాక కూడా నాలుగు చీలికలూ ముచ్చికను పట్టుకుని ఉండాలి. విడిపోయాయంటే కూరా చెడింది, మాటా చెడింది.

ఈ పాఠానికి నేనెప్పుడూ చెప్పే ఉదాహరణ మామిడికాయ. ఆవకాయకు ముక్కలు కొడతారు. ముక్కముక్కకీ టెంక పెంకు ఉండాలి, కాబట్టి బరువైన కత్తి, దెబ్బ తప్పవు. మాగాయకు చెక్కు తీసి, టెంక వదిలేసి, పల్చగా తరుగుతారు. అదే చెట్టు కాయలు, అదే ఎండాకాలం, పక్కపక్కన కూర్చున్న అప్పాచెల్లెళ్ళు. ఒకరిది చాప్, ఇంకొకరిది పీల్, ఆపైన స్లైస్. అమెరికాలో ఉన్న కోడలికి ఇంగ్లీషులో రాసి పంపిన కాగితంలో రెండింటికీ కట్ అనే ఉంటే, ఆ ఏడు ఆవకాయ మాగాయలా తయారైతే తప్పు కోడలిది కాదు.

3. ‘కొట్టు’ కనబడితే ఆగండి

మనకు దెబ్బ ముఖ్యం. కట్టెలు కొడతాం, చెట్టు కొట్టేస్తాం, కొబ్బరికాయ కొడతాం, ముంజెలు కొట్టించుకుంటాం. ఆదివారం పొద్దున్నే సంచీ ఇచ్చి “మాంసం కొట్టించుకురా” అంటాం, కాస్త మెత్తగా కావాలంటే “ఖీమా కొట్టించు” అంటాం. ఇంగ్లీషుకు వచ్చేసరికి పిల్లలు అలవాటుగా ‘బీట్’ వేసేస్తారు. చెట్టును బీట్ చేశారంటే, అది ఏం నేరం చేసిందని చదివేవాడు అడుగుతాడు. కట్టెలకు చాప్ లేదా స్ప్లిట్, కొబ్బరికాయకు బ్రేక్, ఖీమాకు మిన్స్.

చెట్టుకైతే ‘ఫెల్’ అనే చక్కని మాట ఉంది. అక్కడ ఇంకో గుంట. ఫాల్ అనే క్రియకు భూతకాలం కూడా ఫెల్లే. చెట్టు తనంతట పడితే ఫెల్, మనిషి పడగొడితే ఫెల్డ్. పడు, పడగొట్టు అన్న జంట మనసులో ఉంచుకున్నవాడికి ఇది ఒక్కసారికే పట్టుబడుతుంది.

కోడి సంగతీ ఇక్కడే చెప్పాలి. “కోడిని కోశారు” అంటే మన దగ్గర ప్రాణం తీశారని. ‘కట్ ద చికెన్’ అంటే బయటివాడికి అప్పటికే చచ్చిన కోడిని ముక్కలు చేయడం. ఈ రెంటికీ మధ్య కోడికి చాలా తేడా ఉంది.

4. కోత వేరు, కోతలు వేరు

మా వైపు కార్తీకం దాటితే “కోతలు మొదలైనాయి” అంటారు. ఆ బహువచనంలో ఒక కాలం ఉంది, కూలీల ముఠాలు ఉన్నాయి, బళ్ళో పిల్లల హాజరు తగ్గడం కూడా ఉంది. ఏకవచనం చేస్తే బతుకు మారిపోతుంది: జీతంలో కోత, కరెంటు కోత, లంక గ్రామాల్లో కృష్ణ ఒడ్డు కోత, బిడ్డను పోగొట్టుకున్న తల్లికి కడుపుకోత. మళ్ళీ ‘కోతలు కోయడం’ అంటే ఉత్తమాటలు చెప్పడం. ఒక్క మాటకు ఇన్ని ముఖాలుంటే ఇంగ్లీషులో ఒక్క కట్ పెట్టి ఊరుకోవడం ఎలా? కాలానికి హార్వెస్ట్, ఒడ్డుకు ఎరోజన్, ఉత్తమాటలకు బ్రాగ్. జీతానికీ కరెంటుకూ మాత్రం కట్ అచ్చంగా అతుకుతుంది.

ఇక చేను. కొడవలితో వరి కోయడానికి రీప్, గడ్డి కోయడానికి మో, మొత్తం పనికి హార్వెస్ట్. పుస్తకంలో ఈ మూడూ ఒకే వరసలో ఉంటాయి. గట్టు మీద నిలబడితే అవి ఎంత దూరంగా ఉంటాయో తెలుస్తుంది. చేత్తో కోసే రోజుల్లో కోత ఒక్క పని మాత్రమే. కోసి పనలు వేయాలి, ఎండాలి, కట్టలు కట్టాలి, కుప్ప వేయాలి, ఆ తరవాత ఎప్పుడో తీరిక చూసుకుని నూర్చాలి, తూర్పారబట్టాలి. రీప్ తరవాత థ్రెష్, ఆపైన విన్నో. ఒక్కో పనికి ఒక్కో క్రియ, ఒక్కో కూలిరేటు. ఇప్పుడు మిషన్ వచ్చింది. దాన్ని ఇంగ్లీషులో కంబైన్ అనడానికి కారణమే కోయడం, నూర్చడం, గాలిపట్టడం అన్నీ ఒకేసారి కలిపి చేస్తుందని. తెలుగులో మాత్రం “మిషన్‌తో కోయించాం” అని ఒక్క కోతలోనే అన్నీ సర్దేశాం. ఈ కాలపు పిల్లలకు థ్రెష్ అంటే నూర్చడమని చెబితే, “నూర్చడమంటే ఏంటి మాస్టారూ?” అని అడుగుతారు. అప్పుడు రెండు భాషలూ నేర్పాలి.

మాగాణి మినుము సంగతి కూడా ఈ కోతతోనే ముడిపడి ఉంది. తెనాలి, బాపట్ల ప్రాంతాల్లో వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, నిలిచి ఉన్న చేలోనే పదును మీద మినుములు చల్లేవారు. కోసిన దుబ్బుల మధ్య మినుము మొలిచేది. అందుకని ఆ కోత ఎత్తూ, నడిచే కాళ్ళ బరువూ అన్నీ లెక్కే. మిషన్ చక్రాలు వచ్చాక ఆ మొలకలకు చోటు ఇబ్బందైంది. దానికి పల్లాకు తెగులు తోడై చాలామంది దుక్కి దున్నకుండానే మొక్కజొన్న, జొన్న వేసుకోవడానికి మళ్ళారు. మొక్కజొన్న కండె విరుస్తారు, చొప్ప నరుకుతారు. పైరు మారితే ఊరి క్రియలు కూడా మారతాయి.

బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి 1986లో విడుదలైన బీపీటీ 5204 వరిని దేశం సాంబ మసూరి అని తింటుంది, మా వాళ్ళు ఇప్పటికీ ‘బీపీటీ’ అనే అంటారు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. సరిగ్గా ఆ వరి కోతల వేళ. నిలబడిన చేను కోయడం ఒక పని, నీళ్ళలో పడ్డ చేను కోయడం ఇంకో పని. పడ్డ చేనుకు ఇంగ్లీషు వ్యవసాయ శాస్త్రంలో వాడే మాట ‘లాడ్జ్’. మన పిల్లలకు లాడ్జి అంటే బస్టాండు ఎదురుగా ఉండేది. వ్యవసాయ కళాశాలలో చేరబోయే ఒక కుర్రాడికి ఈ మాట చెబితే పగలబడి నవ్వాడు. నవ్వాడు కాబట్టి ఇక మరిచిపోడు.

5. జుట్టు దగ్గర నోరు జాగ్రత్త

బార్బర్ షాపులో కటింగ్ చేయించుకుంటాం. గడ్డం గీసుకుంటాం. గుండు కొట్టిస్తాం. కొండ మీద తలనీలాలు ఇస్తాం. పిల్లాడికి పుట్టువెంట్రుకలు తీయిస్తాం. అవే వెంట్రుకలు, చాలాసార్లు అదే మంగలి కత్తి. అయినా పుట్టువెంట్రుకలు కొట్టించామని ఏ మేనమామా అనడు. అంటే పీటల మీద కూర్చున్న అమ్మమ్మ ఊరుకోదు. తెలుగులో తెగడం అశుభంగా వినబడే చోట మాటను పక్కకు తప్పిస్తారు. మంగళసూత్రం తెగిందనరు, పెరిగిందంటారు.

ఇంగ్లీషులో ఈ తప్పించడం ఇంత లేదు గాని, మర్యాద మెట్లు ఉన్నాయి. కొసలు సరిచేస్తే ట్రిమ్, పొట్టిగా చేస్తే క్రాప్, గొర్రెకైతే షియర్, కత్తి పెడితే షేవ్. తిరుమలలో తలనీలాల మీద వ్యాసం రాస్తూ ఒక అమ్మాయి ‘భక్తుల జుట్టు షియర్ చేస్తారు’ అని రాసింది. నిఘంటువు ప్రకారం పెద్ద తప్పేమీ లేదు. కానీ భక్తుణ్ణి గొర్రెను చేసింది. ‘ఆఫర్’ అని రాయమ్మా, అన్నాను. తెలుగులో ‘ఇవ్వడం’ ఏ పని చేస్తున్నదో ఇంగ్లీషులో ఆఫర్ ఆ పనే చేస్తుంది. అక్కడ కత్తి కంటే మొక్కు పెద్దది.

6. మూడు రూపాలూ ఒకటే

కట్, కట్, కట్. వర్తమానం, భూతం, పాస్ట్ పార్టిసిపుల్ అన్నీ అదే. పిల్లలకు ఇష్టమైన క్రియ కావడానికి ఇదొక్కటే కారణం. ‘కట్టెడ్’ అని రాసిన కాగితం మాత్రం ఇప్పటికీ వస్తూనే ఉంటుంది.

7. పెద్దమాటగా కనబడేది ఒకప్పటి మామూలు మాట కావచ్చు

పాత ఇంగ్లీషులో కోయడానికి మామూలు మాట కట్ కాదు, ఇప్పుడు కార్వ్‌గా మిగిలిన మాట. కట్ తరవాత వచ్చి ఇంటి యజమాని అయింది. కార్వ్ రాతి పనికీ, చెక్క పనికీ, బల్ల మీద వండిన మాంసం కోయడానికీ పరిమితమైంది.

మనకు ఆ చోట చెక్కు ఉంది. రేపల్లె నుంచి తెనాలి రైల్లో వస్తే దారిలో భట్టిప్రోలు తగులుతుంది. అక్కడి స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రీ బయటికి తీసిన రాతి కరండాల మీద బ్రాహ్మీ అక్షరాలు చెక్కి ఉన్నాయి. తెనాలి శిల్పశాలల్లో విగ్రహాలు చెక్కుతారు. బళ్ళో పిల్లాడు పెన్సిలు చెక్కుతాడు. శాసనానికి ఇన్‌స్క్రైబ్, విగ్రహానికి కార్వ్ లేదా స్కల్ప్ట్, పెన్సిలుకు షార్పెన్. తెలుగు ఈ ముగ్గురికీ ఒకే ఉలి ఇచ్చింది. మనం ఎప్పుడూ ఇంగ్లీషులోనే మాటలెక్కువని గింజుకుంటాం గాని, ఎక్కువ తక్కువలు చోటును బట్టి అటూ ఇటూ మారుతుంటాయి. ఇసుక నేలల్లో తాటిచెట్టు గీసే గీత కార్మికుడి పనికి ఇంగ్లీషులో ‘ట్యాప్’ అంటారు. అది కారే కల్లును చూసిన మాట. గీత ఆ గెల కొసను రోజూ పల్చగా చెక్కే చేతిని చూసిన మాట. నాకు గీతే ఎక్కువ నచ్చుతుంది.

8. తెగిందా, తెంచారా?

ఈ పాఠం విలేకరి పనికి వెళ్ళే కుర్రాళ్ళకు మరీ మరీ చెబుతాను. తెగు, తెంచు. చీలు, చీల్చు. విరుగు, విరుచు. తెలుగులో దానంతటదే జరిగినదానికీ, ఒకరు చేసినదానికీ వేరువేరు రూపాలున్నాయి. 2009 అక్టోబరు వరదలో ఓలేరు దగ్గర కృష్ణ కరకట్టకు గండి పడింది. ‘పడింది’ అంటే ఏరు చేసిన పని. ‘గండి కొట్టారు’ అన్నామంటే పోలీసు స్టేషను దాకా వెళ్ళాల్సిన మాట. మురుగు కాలువల దగ్గర పై చేను మునిగినవాడు రాత్రిపూట గట్టు తెంచడం, కింది చేనువాడు పొద్దున్నే కర్ర పట్టుకుని రావడం డెల్టాలో పాత కథే.

ఇంగ్లీషులో రెండింటికీ ‘బ్రీచ్’ నడుస్తుంది. ‘ద బండ్ వజ్ బ్రీచ్డ్’ అంటే ఏరు కావచ్చు, ఎదురింటాయన కావచ్చు. కాబట్టి మనిషి చేసిన పనని రూఢి అయితే మనిషిని కర్తగా పెట్టి ‘కట్’ అని సూటిగా రాయాలి. రూఢి కాకపోతే ‘గేవ్ వే’ అని కట్ట మీదే వదిలేయాలి. ఇక్కడ ఛాయ తప్పితే మార్కులు పోవడం కాదు, ఒక ఇంటి మీద నింద పడుతుంది.

మరో తమాషా. ఇదే తెగు నుంచి తెగువ, తెగింపు, తెగదెంపులు, ‘తెగ నచ్చింది’ కూడా వచ్చాయి. ఇంగ్లీషు కట్‌కు ధైర్యంతో చుట్టరికం లేదు. ‘తెగించాడు’ అన్న దగ్గర కట్ కోసం వెతకొద్దు, ‘డేర్’ అందుకోండి.

9. తరుగు రెండు కొట్లలో వినబడుతుంది

కూర తరుగుతాం. బంగారం కొట్టులో తరుగు, మజూరీ అంటారు. ధాన్యం అమ్మేటప్పుడు తేమ ఉందనో తాలు ఉందనో బస్తాకు ఇంత తరుగు తీస్తారు. ఇంగ్లీషులో మొదటిది చాప్, రెండోది వేస్టేజ్, మూడోది డిడక్షన్. మూడో తరుగు దగ్గర రైతు ముఖం చూస్తే మొదటిదానికీ దీనికీ ఉన్న పోలిక తెలుస్తుంది.

10. మాట తెలియకపోతే పని చేసేవాణ్ణి అడగండి

శంకరనారాయణ ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు నా బల్ల మీద ఎప్పుడూ ఉంటుంది. అయినా సగం ఛాయలు నాకు దొరికింది దర్జీ దగ్గర, వడ్రంగి దగ్గర, నిజాంపట్నం నుంచి చేపలు తెచ్చి అమ్మే ఆడవాళ్ళ దగ్గర. “చేప కోయనా, ముక్కలు కొట్టనా బాబుగారూ?” అని ఆమె అడిగితే అందులో రెండు పనులున్నాయి, రెండు ఇంగ్లీషు మాటలున్నాయి: క్లీన్, చాప్. రొయ్యలకు ఆమె కోయడమే అనదు, వలుస్తానంటుంది.

ఇలా పని చేసేవాళ్ళ నోటి నుంచి మాటలు ఏరాలని భద్రిరాజు కృష్ణమూర్తి గారు పూనుకుని, ఊరూరా సేకరించిన పదాలతో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం తెచ్చారు. 1962లో వచ్చింది, అంతా వ్యవసాయ పదాలు. తరవాత చేనేతకు కూడా అలాంటిది వచ్చింది. ఇంగ్లీషు నేర్చుకునేవాడికి ఈ పుస్తకాలెందుకని చాలామంది అడిగారు. పనిని విడివిడిగా చూడటం తెలుగులో రాని పిల్లాడికి రీప్, మో ఎప్పటికీ ఒకటిగానే కనబడతాయి.

11. మామూలు మాటకు సిగ్గుపడొద్దు

ఇన్ని ఛాయలు చెప్పాక పిల్లలకు ఒక జబ్బు పట్టుకుంటుంది. ప్రతి వాక్యంలోనూ కొత్త క్రియ కావాలంటారు. వాళ్ళకు మందుగా పాత ‘చందమామ’ ఇస్తాను. తెనాలివాడైన చక్రపాణి, నాగిరెడ్డితో కలిసి 1947లో మొదలుపెట్టిన పత్రిక. బెంగాలీ నేర్చుకుని శరత్ నవలల్ని తెలుగులోకి తెచ్చినవాడాయన. తెనాలిలోనే పుట్టిన కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980లో పోయేదాకా ఆ పత్రికను దిద్దారు. అందులో రాజులు వెళతారు, రాక్షసులు వస్తారు, కట్టెలవాడు కట్టెలు కొడతాడు. క్రియ దగ్గర ఎవరూ ఆగి నిఘంటువు తీయరు. ఛాయ ఉన్న మాట కావాల్సిన చోట పడితే దానికి బలం. అన్ని చోట్లా పడితే సంతలో అందరూ ఒకేసారి కేకలేసినట్టుంటుంది. డాక్టరు కాలు తీసేశాడంటే ‘ఆంప్యుటేట్’. వేలు తెగిందంటే హాయిగా కట్.

12. ఫోన్ ‘కట్’ చేయొచ్చా?

చేయొచ్చు. ‘కట్ ద కాల్’ తప్పని పరీక్షల గైడ్లు రాస్తాయి. లండన్‌లో ‘హ్యాంగ్ అప్’ అంటారు. రిసీవరును కొక్కేనికి తగిలించిన రోజుల నుంచి మిగిలిన మాట అది. ఇప్పుడు కొక్కెం అక్కడా లేదు, ఇక్కడా లేదు. మనం తెలుగులో “పెట్టేయ్” అంటాం, అదీ రిసీవరు కాలం నాటిదే. పరీక్షలో హ్యాంగ్ అప్ రాయండి, బయట కట్ అనండి. దేశమంతటా కోట్లమంది అర్థం చేసుకునే మాటను తప్పని కొట్టేయడానికి నాకు ఎర్ర పెన్ను ఎత్తబుద్ధి కాదు. సినిమా వాళ్ళ ‘కట్’ను మనం “కట్ చేస్తే ఆర్నెల్ల తరవాత” అని కథ చెప్పుకోవడానికి వాడేసుకున్నాం, దానికి సాటి వచ్చే మాట హాలీవుడ్డులో ఏముందో ఈసారి బ్యాచి పిల్లల్నే వెతికి పట్టుకు రమ్మన్నాను.